టీ షర్టు గుడ్డ రకాలు, వాటిని అల్లే యంత్రాలు: రాయదుర్గం నుంచి ఒక ప్రశ్న

దుర్గంకోట (రాయదుర్గం)

సభ్యులందరికీ నమస్కారం. మేము రాయదుర్గంలో 14 మిషన్లతో జీన్స్ ప్యాంట్లు కుట్టే చిన్న యూనిట్ నడుపుతున్నాము. మా నాన్నగారి కాలం నుంచి మాకు తెలిసినది నేసిన గుడ్డ ఒక్కటే. నిరుడు ఒక పాఠశాల వారు ఆటల దుస్తులకని 600 టీ షర్టులు అడిగితే, ఒక వ్యాపారి దగ్గర 30 నంబరు నూలుతో (నంబరు పెరిగితే నూలు సన్నబడుతుంది) అల్లిన గుడ్డ తెచ్చి కుట్టి ఇచ్చాము. రెండు ఉతుకులు పడేసరికి పక్క కుట్టు తిరిగి పొట్ట మీదికి వచ్చింది, పొడవు దాదాపు రెండు అంగుళాలు తగ్గింది, కొన్నిటిలో కుట్టు వెంబడి సన్నని చిల్లులు పడ్డాయి. ఒక తల్లి తన బిడ్డ చొక్కా తెచ్చి నా బల్ల మీద పరిచి చూపించినప్పుడు నాకు మాట రాలేదు. తప్పు గుడ్డదో, కుట్టిన మాదో, అల్లిన యంత్రానిదో ఈనాటికీ నాకు తేలలేదు.

నా ప్రశ్నలు రెండు. అల్లిక గుడ్డల్లో ఎన్ని రకాలున్నాయి, ఏది ఏ యంత్రం మీద తయారవుతుంది, పిల్లల టీ షర్టుకు ఏది అడగాలి? రెండవది, 30 అంగుళాల డయా (వ్యాసం), 24 గేజ్ (అంగుళానికి 24 సూదులు) గుండ్రటి అల్లిక మిషన్ ఒకటి పాతది అమ్మకానికి ఉందని, కొనుక్కుంటే గుడ్డ మన చేతిలోనే ఉంటుందని ఒకరు సలహా ఇస్తున్నారు. కొనవచ్చునా?

సూదికొక్కెం (అనంతపురం)

తమ్ముడూ, నేను తమిళనాడులోని తిరుప్పూరులో 22 ఏళ్ళు గుండ్రటి మిషన్ల మీద ఫిట్టర్‌గా పని చేసి మొన్ననే ఇంటికి చేరాను. మిషను సంగతి చివర చెబుతాను. ముందు గుడ్డ ఎలా పుడుతుందో తెలుసుకుంటే నీ చొక్కాకు ఏమైందో నీకే అర్థమవుతుంది.

నేసిన గుడ్డలో పోగులు నిటారుగా సాగి ఒకదాని మీదుగా ఒకటి దాటుతాయి. అల్లిక గుడ్డలో పోగు ఎక్కడా నిటారుగా ఉండదు. అది లూపులుగా వంగి, ప్రతి లూపూ తన కింది వరుస లూపులో నుంచి దూరి వస్తుంది. అందుకే లాగితే గుడ్డ సాగుతుంది, వదిలితే చాలావరకు వెనక్కి వస్తుంది. ఈ లూపును తీసే పనిముట్టు లాచ్ సూది. దాని కొసన కొక్కెం, కొక్కెం కింద అటూ ఇటూ వాలే చిన్న నాలుక ఉంటాయి. సూది పైకి లేచినప్పుడు పాత లూపు నాలుకను తెరుచుకుంటూ కాడ మీదికి జారుతుంది, కొక్కెం కొత్త నూలును పట్టుకుంటుంది, సూది కిందికి దిగేటప్పుడు అదే పాత లూపు నాలుకను మూసి తాను సూది మీదుగా జారిపోతుంది. మిషను మొత్తం ఈ ఒక్క కదలిక కోసమే ఉంది. సూదిని ఎంత ఎత్తుకు లేపాలి, ఎంత లోతుకు దించాలి అనేది క్యామ్ చూసుకుంటుంది.

సూదులు నిలిచే గాడులున్న గుండ్రటి డొల్ల అయిన సిలిండర్‌లో మాత్రమే సూదులుండి, సూదుల మధ్య సింకర్లు అనే పలుచని రేకులు పాత లూపును అణిచి పట్టుకుంటే వచ్చే గుడ్డ సింగిల్ జెర్సీ. ముందు వైపు చిన్న చిన్న ‘వి’ ఆకారపు నిలువు వరుసలు, వెనుక అర్ధచంద్రాకారాలు కనిపిస్తాయి. కత్తిరించిన అంచు చుట్టుకుపోతుంది. నువ్వు కొన్నది ఇదే అయి ఉంటుంది. బజారులో దొరికే మామూలు టీ షర్టుల్లో ఎక్కువ భాగం ఇదే.

సిలిండర్ మీద అడ్డంగా డయల్ అనే పళ్ళెం ఉండి, దానిలో రెండవ సూదుల బారు ఉంటే డబుల్ జెర్సీ మిషను అంటాము. డయల్ సూదులు సిలిండర్ సూదుల మధ్య సందుల్లోకి వచ్చేట్టు అమర్చితే రిబ్ వస్తుంది. రిబ్ వెడల్పు వైపు సింగిల్ జెర్సీ కన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది, అందుకే మెడ పట్టీకీ చేతి అంచుకూ దానినే వేస్తారు. రెండు బారుల సూదులు ఎదురెదురుగా నిలిచి, పొడుగు సూదులు ఒక ఫీడరులోను (నూలు అందించే చోటు) పొట్టి సూదులు తరువాతి ఫీడరులోను వంతుల వారీగా అల్లితే ఇంటర్‌లాక్. రెండు వైపులా ఒకే నునుపు, అంచు చుట్టుకోదు, మెలితిరగదు. అయితే ఒక పూర్తి అడ్డ వరుసకు రెండు ఫీడర్ల నూలు పడుతుంది కనుక బరువూ ఖరీదూ పెరుగుతాయి.

మొదట్లో పనిలో చేరినప్పుడు నేను కూడా డయాను, గేజ్‌ను కంఠస్థం చేసి అదే విద్య అనుకున్నాను. అల్లిక గుడ్డకు ప్రాణం లూపు పొడవు, అంటే ఒక్క లూపుకు పట్టే నూలు. అదే మిషను మీద అదే నూలు పెట్టి లూపు పొడవు కొద్దిగా పెంచితే గుడ్డ పలచబడుతుంది, వదులవుతుంది, ఉతికితే ముడుచుకుంటుంది, ఎక్కువగా మెలితిరుగుతుంది. కిలోల లెక్కన కొని మీటర్ల లెక్కన అమ్మేవారికి వదులు గుడ్డ లాభం. నీ దగ్గర ఆ గుడ్డ ముక్క మిగిలి ఉంటే ఒక అడ్డ వరుసలో 100 లూపులు లెక్కపెట్టి రెండు కొసల్లో గుర్తు పెట్టు, ఆ నూలును విప్పి నిటారుగా సాగదీసి కొలువు. 28 సెంటీమీటర్లు వస్తే లూపు పొడవు 2.8 మిల్లీమీటర్లు. ఎంత వచ్చిందో ఇక్కడ రాయి.

పడుగుపేక (ధర్మవరం)

సూదికొక్కెం అన్నగారి వివరణ చాలా బాగుంది. మేము తరతరాలుగా పట్టుచీరలు నేసేవాళ్ళం కనుక నాకొక సందేహం. అల్లికలో కూడా పడుగు, పేక అనే భేదం ఉందని, పడుగు అల్లిక అనే వేరే జాతి యంత్రాలున్నాయని విన్నాను. మగ్గంలో పడుగు ఉంటే దానిని దాటడానికి నాడెతో పేక రావాలి. నాడె లేని చోట పడుగు మాత్రమే గుడ్డ ఎలా అవుతుంది?

నూలుపోగు (కడప)

పడుగుపేక గారికి, నేను వస్త్ర విద్య బోధించిన ఉపాధ్యాయురాలిని. సూదికొక్కెం గారు చెప్పిన సింగిల్ జెర్సీ, రిబ్, ఇంటర్‌లాక్ మూడూ పేక అల్లికలే. వాటిలో ఒకే నూలు పేక లాగా అడ్డంగా నడుస్తూ వరుసలోని సూదులన్నిటికీ లూపులు ఇస్తుంది. పడుగు అల్లికలో ప్రతి సూదికీ తన సొంత పోగు ఉంటుంది. వేల పోగులు మీ పడుగులాగే బీము మీద చుట్టి వస్తాయి. పోగులను నడిపే గైడ్ బార్ ఒక వరుసలో పోగును ఒక సూదికి చుట్టి, తరువాతి వరుసలో దానిని పక్క సూదికి జరుపుతుంది. పోగు ఇలా వంకర టింకరగా పైకి పోతూ పక్క పోగులతో పెనవేసుకుంటుంది కనుక పేక లేకుండానే గుడ్డ నిలబడుతుంది. ఒక పోగు తెగినా సింగిల్ జెర్సీలో లాగా నిచ్చెన మెట్లు పడుతూ ఊడిపోదు.

వీటిలో ట్రైకాట్, రాషెల్ అని రెండు ప్రధాన తరగతులు. ట్రైకాట్ సన్నని గుడ్డ, క్రీడాకారుల మెరిసే ట్రాక్ సూట్లలోను లోపలి అస్తరుల్లోను చూస్తాము. దాని యంత్రం నిమిషానికి 2000 వరుసలకు మించి అల్లగలదు. రాషెల్ వలలకూ లేసులకూ పేరు. మీకు తెలియకుండానే మీరు రోజూ రాషెల్‌ను చూస్తున్నారు. మన జిల్లాల్లో నర్సరీల మీద, టమాటా నారు మీద కప్పే ఆకుపచ్చ నీడ వల ప్లాస్టిక్ టేపుతో రాషెల్ యంత్రం మీద అల్లినదే. కర్నూలు ఉల్లి మార్కెట్టులో ఉల్లిని నింపే వల సంచుల్లో రాషెల్ అల్లికవీ ఉంటాయి, లీనో నేతవీ ఉంటాయి. అడుగున ఒక పోగు విప్పి చూస్తే లూపులు కనిపిస్తే అల్లిక, రెండు పడుగు పోగులు పేకను మెలివేసి పట్టుకున్నట్టు కనిపిస్తే లీనో.

అల్లిక యంత్రానికి మూలపురుషుడు ఇంగ్లండులో నాటింగ్‌హామ్ దగ్గరి కాల్వర్టన్‌కు చెందిన విలియం లీ. ఆయన 1589లో మేజోళ్ళు అల్లే చట్రాన్ని తయారు చేశారు. చేత్తో మేజోళ్ళు అల్లుకుని బతికే పేదల పొట్ట కొడుతుందని ఎలిజబెత్ రాణి దానికి పేటెంటు ఇవ్వలేదని చెబుతారు. దానికి రెండవ సూదుల బారును జోడించి రిబ్ అల్లే పద్ధతిని జెడెడయ్యా స్ట్రట్ 1759 నాటికి తెచ్చారు. లీ వాడినవి కొసను వంచిన స్ప్రింగు సూదులు. లాచ్ సూది 19వ శతాబ్దం నడుమ గాని వాడుకలోకి రాలేదు. తనంతట తాను తెరుచుకుని మూసుకునే ఆ చిన్న నాలుకే నేటి గుండ్రటి యంత్రాల వేగానికి కారణమని నేను విద్యార్థులకు చూపిస్తూ ఉండేదాన్ని. భూతద్దం కింద ఆ సూదిని మొదటిసారి చూసిన పిల్లల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

దుర్గంకోట (రాయదుర్గం)

సూదికొక్కెం అన్నా, రాత్రి మా ఆవిడా నేనూ కూర్చుని మూడు సార్లు కొలిచాము. మూడు సార్లూ 31 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా వచ్చింది. ఇది ఎక్కువేనా?

సూదికొక్కెం (అనంతపురం)

30 నంబరు నూలుకు 3.1 మిల్లీమీటర్లు చాలా వదులు. 2.7, 2.8 దగ్గర అల్లి ఉండవలసింది. నీ చొక్కా ముడుచుకోవడానికి మొదటి కారణం నీ చేతికే దొరికింది. ఇక మెలితిరగడం గురించి చెబుతాను, ఇది చాలామంది మిషను తప్పు అని పొరబడే సంగతి.

ఒంటి పోగు నూలుకు ఒకే దిక్కున మెలిక ఉంటుంది. వడికేటప్పుడు పెట్టిన ఆ మెలిక నీళ్ళు తగలగానే విప్పుకోవాలని చూస్తుంది. సింగిల్ జెర్సీలో లూపును వెనుక నుంచి పట్టి ఆపే రెండవ బారు లేదు కనుక ప్రతి లూపూ కొద్దిగా పక్కకు వాలుతుంది, నిలువు వరుసలన్నీ ఏటవాలవుతాయి. గుడ్డ వదులైన కొద్దీ వాలడానికి చోటు ఎక్కువ. మిషను వంతు కూడా కొంత ఉంది. 90 ఫీడర్ల మిషను ఒక్క చుట్టు తిరిగితే 90 వరుసలు పడతాయి. సెంటీమీటరుకు 20 వరుసల లెక్కన ఆ ఒక్క చుట్టులో గుడ్డ 4.5 సెంటీమీటర్లు పైకి లేస్తుంది, అంటే అడ్డ వరుస మరమేకులా మెట్టెక్కుతూ పోతుంది. కాని గుడ్డ చుట్టుకొలత 160 సెంటీమీటర్ల చిల్లర ఉంటుంది గనుక ఆ వాలు ఒకటిన్నర డిగ్రీ మాత్రమే. నీ పక్క కుట్టు పొట్ట మీదికి వచ్చిందంటే అది నూలు మెలికా వదులు అల్లికా కలిసి చేసిన పని.

మందు ఏమిటంటే, హోజరీ కోసమని తక్కువ మెలికతో వడికిన దువ్వెన నూలు (దూదిని దువ్వి పొట్టి పీచు తీసేసి వడికినది) అడగాలి, లూపు బిగువుగా ఉండాలి, రంగు వేసిన తరువాత కాంపాక్టింగ్ చేయించాలి. కాంపాక్టింగ్ అంటే ఆవిరి పట్టించి గుడ్డను పొడవు వైపు ముందుగానే దగ్గరకు నొక్కడం. ఉతుకులో ముడుచుకోవలసినది అక్కడే ముడుచుకుపోతుంది.

తెల్లబంగారం (ఆదోని)

నేను ఆదోనిలో జిన్నింగ్ (పత్తి నుంచి గింజలు వేరు చేసే) పనిలో ఉన్నవాణ్ణి. దూది వైపు నుంచి రెండు మాటలు చెప్పాలని ఉంది. అల్లిక గుడ్డలో నూలు లోపం దాగదు. వేర్వేరు లాట్ల నూలు కోన్లు ఒకే మిషను మీద కలిపి ఎక్కిస్తే రంగు వేశాక అడ్డంగా చారలు తేలుతాయి, ఎందుకంటే పీచు పండుదల, మందం తేడాగా ఉన్న దూది రంగును ఒకేలా పీల్చుకోదు. కోన్ల మీద లాట్ నంబరు చూసి ఎక్కించమని అల్లేవారికి గట్టిగా చెప్పండి.

రెండవది మా రైతులకూ మాకూ సంబంధించినది, నాకు బాధ కలిగించే విషయం. పొలంలో పత్తి ఏరి యూరియా సంచుల్లో తొక్కి యార్డుకు తెస్తారు. ఆ సంచి నుంచి ఊడిన ప్లాస్టిక్ పోచ ఒక్కటి దూదిలో కలిస్తే, జిన్నింగులో ముక్కలై, స్పిన్నింగులో నూలులోకి చేరి, చివరకు రంగు పట్టని తెల్ల మచ్చగా చొక్కా మీద కనిపిస్తుంది. మేము మనుషులను పెట్టి చేత్తో ఏరిస్తాము, అయినా కొంత మిగులుతుంది. గుడ్డ సంచుల్లో పత్తి తెచ్చే రైతుకు ధరలో ఆ తేడా చూపించాలని నేను యార్డులో అడుగుతూనే ఉన్నాను.

ఊలుబుట్ట (కర్నూలు)

నమస్కారం అన్నయ్యా. గుండ్రటి మిషన్ల మధ్య మా చిన్న మిషన్ల సంగతి కూడా రాస్తాను, మీ పనికి వస్తుంది. కర్నూలులో నేను 15 ఏళ్ళుగా చేతితో నడిపే ఫ్లాట్ మిషన్ మీద బడి పిల్లల స్వెటర్లు అల్లుతున్నాను. దీనిలో రెండు సూదుల బల్లలు ఇంటి పైకప్పులాగా ఏటవాలుగా ఎదురెదురుగా ఉంటాయి. పైన క్యారేజీని అటూ ఇటూ తోస్తే దాని కింద ఉన్న క్యామ్‌లు సూదులను లేపి దించుతాయి. కింద బరువులు వేలాడదీసి గుడ్డను లాగి ఉంచుతాము. గుండ్రటి మిషను గొట్టంలా గుడ్డ ఇస్తుంది, దానిని కత్తిరించి కుట్టాలి. మా ఫ్లాట్ మిషను మీద సూదులు పెంచుతూ తగ్గిస్తూ చంకను, మెడను ఆకారం ప్రకారమే అల్లవచ్చు, ముక్క వృథా కాదు. జపాన్‌లోని షిమా సెయికీ సంస్థ 1995లో కుట్టు లేకుండా స్వెటరును మొత్తంగా అల్లే కంప్యూటర్ ఫ్లాట్ యంత్రాన్ని చూపించింది. మా మిషనుకు అది చాలా దూరం, అయినా లోపల జరిగేది అదే సూది, అదే లూపు.

కాలర్ ఉన్న టీ షర్టు అడిగితే ఆ కాలరు మామూలుగా ఫ్లాట్ మిషను మీదే తయారవుతుంది. పది ఇరవై కాలర్లు వరుసగా అల్లి, ఒక్కొక్కదానికి మధ్య ఒక విడదీసే దారం వేస్తాము. ఆ దారం ఒక్కటి లాగితే కాలర్లు కత్తెర లేకుండా, అంచు చెడకుండా విడిపోతాయి. మొదటిసారి చూసిన పిల్లలు మళ్ళీ మళ్ళీ లాగి చూపించమంటారు.

కాలర్ టీ షర్టు గుడ్డ పేరు పికే. అది కూడా సింగిల్ జెర్సీ మిషను మీదే వస్తుంది గాని, కొన్ని సూదులను సగం ఎత్తుకే లేపుతారు. అప్పుడు పాత లూపు జారిపోకుండానే కొత్త నూలు కొక్కెంలో చేరుతుంది. దీనిని టక్ అంటారు. గుడ్డ మీద తేనెతుట్టె లాంటి చిన్న గుంటలు పడి, ఒంటికి అంటుకోకుండా గాలి ఆడుతుంది. మన ఎండలకు మామూలు సింగిల్ జెర్సీ కన్నా ఇదే హాయి అని నా అభిప్రాయం.

సూదికొక్కెం (అనంతపురం)

ఊలుబుట్ట అమ్మ చెప్పింది నిజం. టక్ వేస్తే గుడ్డ వెడల్పు పెరుగుతుంది, సూదిని అసలు లేపకుండా వదిలేసే మిస్ వేస్తే వెడల్పు తగ్గుతుంది. అల్లిక, టక్, మిస్ అనే ఈ మూడింటి కలయికే డిజైన్లన్నీ.

ఇప్పుడు మిషను కొనే సంగతి. లెక్క వేద్దాం. 30 అంగుళాల డయా, అంగుళానికి 24 సూదులు, అంటే చుట్టూ సుమారు 2260 సూదులు. 90 ఫీడర్లు, నిమిషానికి 25 చుట్లు, లూపు 2.8 మిల్లీమీటర్లు అనుకుంటే 30 నంబరు నూలు గంటకు దాదాపు 17 కిలోలు అల్లుతుంది. ఆగుడు, తెగుడు పోను నూటికి 80 వంతులు నడిచిందనుకున్నా 8 గంటల షిఫ్టుకు 108 కిలోలు. పిల్లల టీ షర్టులు తరుగుతో కలిపి కిలోకు అయిదు తెగుతాయనుకుంటే షిఫ్టుకు 500 పైన. 14 మిషన్లతో జీన్స్ మధ్యలో టీ షర్టులు కుట్టే నీకు అంత గుడ్డ ఏమి చేసుకోవాలి? పైగా అది డయల్ లేని మిషనే అయితే దాని మీద వచ్చేది సింగిల్ జెర్సీ, పికే లాంటివే. రిబ్ మెడ పట్టీకి మళ్ళీ బయటికి పోవలసిందే. 24 గేజ్‌కు 30 దగ్గరి నంబర్లే నప్పుతాయి, 20 నంబరు మందపు గుడ్డ కావాలంటే 18, 20 గేజ్ సిలిండర్ కావాలి.

రాయదుర్గం ఎండు గాలి ఇంకొక చిక్కు. అల్లే గదిలో తేమ 60 శాతం దరిదాపుల్లో లేకపోతే నూలు నుంచి పీచు రాలి ఫీడర్లలో, సూదుల్లో చేరి చిల్లులు పడతాయి. పాత మిషన్లో సిలిండర్ గాడులు అరిగి ఉంటే సూది ఊగి నిలువు గీత పడుతుంది, అప్పుడు కొత్త సూదులు వేసినా ప్రయోజనం లేదు. గుడ్డలో నిలువు గీత ఉంటే సూదినీ గాడినీ అనుమానించాలి, అడ్డ చార ఉంటే నూలునూ ఫీడరునూ అనుమానించాలి. ఈ ఒక్క సూత్రంతో నేను 22 ఏళ్ళు నెట్టుకొచ్చాను.

నూలుపోగు (కడప)

దానికి మరొక మాట కలపాలి. అల్లిన కోరా గుడ్డ అల్లినట్టే చొక్కా కాదు, దానికి రంగు వేయాలి. కిలో గుడ్డకు రంగు వేసి కడగడానికి పదుల లీటర్ల నీళ్ళు పడతాయి, ఆ నీళ్ళన్నీ ఉప్పుతో, రసాయనాలతో బయటికి వస్తాయి. తిరుప్పూరులో ఆ నీళ్ళు నొయ్యల్ నదిలో కలిసి పొలాలు చెడితే, 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు అక్కడి రంగుల యూనిట్లను మూయించింది. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురంలో, శుద్ధి ఏర్పాటు లేకుండా చిన్న చిన్న రంగుల తొట్లు వెలిస్తే మన బావుల గతి ఏమవుతుందో ఆలోచించాలని దుర్గంకోట గారిని వేడుకుంటున్నాను. నూలు కొని, అల్లికకూ రంగుకూ కిలోకు ఇంత అని కూలి ఇచ్చి చేయించుకోవడం మీ స్థాయికి సరిపోయిన దారి.

పడుగుపేక (ధర్మవరం)

కుట్టు వెంబడి చిల్లులు పడ్డాయని మొదట రాశారు. దానికి ఎవరూ జవాబు ఇవ్వలేదు.

సూదికొక్కెం (అనంతపురం)

గుర్తు చేశావు. అది గుడ్డ తప్పు కాదు, కుట్టు సూది తప్పు. జీన్స్ సూది లావుగా, మొన తేలి ఉంటుంది. అల్లిక గుడ్డలో అది లూపును కోసేస్తుంది, ఉతికాక ఆ లూపు విప్పుకుని చిల్లి అవుతుంది. గుండు మొన సూది, 9 లేదా 11 నంబరు వేస్తే పోగును పక్కకు నెట్టి దూరుతుంది. మామూలు లాక్ కుట్టు సాగదు, గుడ్డ సాగినప్పుడు దారం తెగుతుంది. పక్కలకు అంచును చుట్టి కుట్టే నాలుగు దారాల ఓవర్‌లాక్, కింద మడతకు సాగే ఫ్లాట్‌లాక్ కుట్టు కావాలి. గుడ్డ చుట్ట విప్పి, లాగకుండా పరిచి ఒక రోజంతా ఊరక ఉంచిన తరువాతే కత్తిరించాలి. డెనిమ్ పరిచే అలవాటులో మీ వాళ్ళు లాగి పరిచి ఉంటారు.

దుర్గంకోట (రాయదుర్గం)

అవును, లాగి పరిచాము అన్నా. నేనే పక్కన నిలబడి బిగించి పరచమని చెప్పాను.

నెల రోజుల తరువాత మళ్ళీ రాస్తున్నాను. మిషను కొనలేదు. ఒకే లాట్ దువ్వెన నూలు తీసుకుని కూలికి మూడు నమూనాలు అల్లించాను: 2.75 మిల్లీమీటర్ల సింగిల్ జెర్సీ, పికే, ఇంటర్‌లాక్. మూడింటి మీదా 50 సెంటీమీటర్ల చతురస్రం గీసి, ఇంట్లో అయిదు సార్లు ఉతికి, ఎండలో ఆరేసి కొలిచాము. సింగిల్ జెర్సీ పొడవు రెండు సెంటీమీటర్లు తగ్గింది, అడుగు మూల ఒక సెంటీమీటరు పక్కకు జరిగింది. పికే దాదాపు అంతే. ఇంటర్‌లాక్ మూలలు జరగనే లేదు, కాని చేతికి బరువుగా ఉంది, మే నెలలో పిల్లలు దానిని వేసుకుని ఆడలేరని మా ఆవిడ అన్నది. పాత పాఠశాల వారి దగ్గరికి నేనే వెళ్ళి ఆ ముక్కలు చూపించి, చెడిపోయిన చొక్కాలకు బదులు పికే గుడ్డతో కొత్తవి ఇస్తానని చెప్పాను. వారు ఒప్పుకున్నారు. ఊలుబుట్ట అక్కా, 200 కాలర్లు కావాలి, ముదురు నీలం, అంచున ఒక తెల్ల గీత.

ఊలుబుట్ట (కర్నూలు)

తప్పకుండా అన్నయ్యా. పొడవు ఎంతో సైజుల వారీగా రాయండి. ఒంటి మీది గుడ్డ, కాలరు ఒకే నీలం రావాలంటే మీ రంగులు వేసేవారి దగ్గరే కాలరు నూలుకు కూడా రంగు వేయించి కోన్లుగా పంపండి. తెల్ల గీతకు నూలు నా దగ్గర ఉంది.